ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్

చిన్ని హెడ్‌ఫోన్లు తీసి, చెవులకానే మెత్తని భాగాన్ని చేతిరుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పాటని మొదటికి జరిపి కళ్ళు మూసుకుని విన్నది. అనుమానం లేదు. రెండో చరణం ఎత్తుకునే ముందు ఆ గొంతు ఊపిరి తీసుకుంది. ముక్కుతో, చిన్నగా, నిండు బకెట్టు ఎత్తబోయే మనిషి తీసుకున్నట్టుగా. గొంతు క్యాసెట్ మీద పేరున్న పెద్ద గాయనిదే. మాటని సాగదీయడం, చివరి అక్షరం దగ్గర నవ్వీ నవ్వనట్టు వదిలేయడం, అన్నీ ఆవిడ పోకడలే. ఊపిరి మాత్రం ఆవిడది కాదు. ఆ ఊపిరిని చిన్ని పుట్టినప్పట్నుంచి ఎరుగును. కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించబోయే ముందు వాళ్ళమ్మ తీసుకునే ఊపిరి అది.

"ఏమ్మా చరిత్రా, పనిచేస్తోందా ఆ డబ్బా?" అంటూ కార్యదర్శిగారు హాల్లోకి వచ్చారు.

"పనిచేస్తోందండీ" అంది చిన్ని, హెడ్‌ఫోన్లని కొక్కేనికి తగిలిస్తూ. కొక్కెం దొరక్క రెండుసార్లు గోడకి తగిలించింది.

ఆఫీసులో ఆమెని అందరూ 'చరిత్ర' అనే పిలుస్తారు. ఏటా ఉత్తమ సంగీత ఆల్బమ్‌కి బహుమతి ఇచ్చే సంస్థ అది. వచ్చే ఆదివారం వార్షికోత్సవం. ఆ సందర్భంగా కింది హాల్లో బహుమతి చరిత్రనంతా బోర్డులుగా కట్టాలనుకున్నారు. రాసే పని, కొత్తగా డిగ్రీ పట్టుకుని చేరిన చిన్ని మీద పడింది. వాళ్ళ వంశంలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి కావడంతో, ఏ పని చెప్పినా రేపు పరీక్ష ఉందన్నట్టే చేస్తుంది.

గోడ పొడవునా ఏడాదికో బోర్డు, దాని పక్కన హెడ్‌ఫోన్లు, కింద గాజుపెట్టె. మొదటి పెట్టెల్లో నల్లటి గ్రామఫోన్ రికార్డులు, ఆ తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు. చివరి బోర్డుల దగ్గరకి వచ్చేసరికి పెట్టెలో పెట్టడానికి వస్తువే లేదు. ఖాళీగా ఉంటే బాగుండదని ఎవరిదో పాత సెల్‌ఫోన్ పెట్టారు. ఒక ఏడు న్యాయనిర్ణేతలు ముగ్గురూ మూడు ఆల్బమ్‌ల దగ్గర భీష్మించుకుని, ఆఖరికి ఎవరికీ నచ్చని నాలుగోదానికి ఇచ్చారు. ఇంకో ఏడు బహుమతి ప్రకటించేనాటికి ఆ బృందంలో అన్నదమ్ములు విడిపోయారు. కప్పు ఎవరింట్లో ఉండాలన్నది తేలక, ఆర్నెల్లు అన్నగారింట, ఆర్నెల్లు తమ్ముడింట అని ఒప్పందం రాయించి ఇచ్చారు. ఇవన్నీ కార్యదర్శిగారు నవ్వుకుంటూ చెబితే చిన్ని శ్రద్ధగా రాసింది.

చిన్ని ఇందాక వింటున్న చోట, ఇంకా ఏమీ రాయని బోర్డు ముందు కార్యదర్శిగారు ఆగారు. పెట్టెలో 'ఎదురింటి వెలుగు' అన్న క్యాసెట్ ఉంది.

"ఇది ఇంకా రాయలేదేం? అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే కదమ్మా."

"రేపు రాస్తానండీ."

"రాసేటప్పుడు ఒక సంగతి మర్చిపోకు. మనది పాటకిచ్చే బహుమతి కాదు, ఆల్బమ్‌కిచ్చేది. న్యాయనిర్ణేతలు ముగ్గుర్నీ గదిలో కూర్చోబెట్టి తలుపేసేవాణ్ణి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆపకుండా వినాల్సిందే. ఆల్బమ్ పూర్తయ్యేదాకా కాఫీ లేదు. పూర్తవగానే లోపల్నుంచి గంట కొట్టేవాళ్ళు, నేను కాఫీ పంపేవాణ్ణి. కొన్ని ఆల్బమ్‌లకి ఆఖరి పాట సగంలో ఉండగానే గంట మోగేది." ఆయన గాజుపెట్టె మీద వేలితో తట్టారు. "దీనికి మోగలేదు. ఏమైందా అని నేనే తలుపు తీశాను. ముగ్గురూ అలాగే కూర్చున్నారు. ఆఖర్న ఈ కిటికీ పాట, నువ్విప్పుడు విన్నదే. అది విన్నాక ఒక్కరికీ కాఫీ గుర్తు రాలేదు. అదే తీర్పు అనుకున్నాం. ఆవిడ గాత్రానికి అది శిఖరం. ఆ మాట అలాగే రాయి. ఆదివారం స్టేజీ మీద ఆవిడ చేత ఈ పాటే పాడిస్తున్నాం."

"ఆవిడ ఒప్పుకున్నారా అండీ?"

"ఒప్పుకోకేం? కచేరీల్లో జనం హుషారు పాటలే అడుగుతారు, దీన్నెవరూ అడగలేదు, పాడి చాలా ఏళ్ళయింది, ఒకసారి విని వస్తానన్నారు."

చిన్ని తలూపింది. 'ఆవిడ గాత్రానికి శిఖరం' అని కాగితం మీద రాసి, కింద గీత గీసి, ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది.

ఇంట్లో ముందుగది సగం కుట్టుమిషనుది, సగం మామయ్యది. అమ్మ తమ్ముడు ఆయన. ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయిస్తాడు. పెళ్ళీ గిళ్ళీ లేక అక్క దగ్గరే ఉంటున్నాడు. ఇంట్లో డ్రమ్స్ వాయిస్తే ఇంటిగలవాళ్ళు ఖాళీ చేయమంటారని, పాత దిండు ఒళ్ళో పెట్టుకుని దానిమీద కర్రలతో సాధన చేస్తుంటాడు. చిన్ని వచ్చేసరికి దిండు మోగుతోంది, మిషను మోగుతోంది.

చిన్ని చెప్పులు విడిచి, సంచీ కూడా దించకుండా నిలబడి అడిగింది. "అమ్మా, కిటికీ పాట నువ్వు పాడావా?"

మిషను ఆగింది. దిండు కూడా ఆగింది.

"ఏ కిటికీ?" అంది అమ్మ, గుడ్డని సర్దుతూ.

"ఎదురింటి వెలుగులో ఆఖరి పాట."

"అది పెద్ద గాయనిగారిది."

"రెండో చరణం ముందు ఊపిరి నీది."

అమ్మ తమ్ముడి వంక చూసింది. మామయ్య పైకప్పు వంక చూశాడు.

"నీకు చదువు చెప్పించింది నన్ను పట్టుకోమని కాదు" అంది అమ్మ. అని, నవ్వాపుకోలేక గుడ్డ అడ్డం పెట్టుకుంది.

చుట్టుపక్కల రికార్డింగు థియేటర్లన్నిట్లో అమ్మని 'ట్రాకమ్మ' అంటారు. పేరున్న గాయనీ గాయకులకి తీరిక ఉండదు. అందుకని పాట కట్టగానే ముందు ఈమెని పిలిచి, అచ్చం ఆ గాయని పాడినట్టే పాడించి రికార్డు చేస్తారు. దాన్ని ట్రాకు అంటారు. తర్వాత అసలు గాయని వచ్చి, ట్రాకు విని, పాట నేర్చుకుని పాడి వెళుతుంది. ట్రాకు చెరిపేస్తారు. అలా చెరిగిపోయే పాటలు పాడే అమ్మ చిన్నిని పెంచింది. పని లేని రోజుల్లో మిషను కుడుతుంది.

"ఎలా జరిగిందమ్మా?" అంది చిన్ని మిషను పక్కన నేలమీద కూర్చుని.

"ఏముంది. మిగతా పాటలన్నీ ఆవిడ వచ్చి పాడి వెళ్ళారు. దీనికి వచ్చేసరికి జలుబు చేసింది. పొద్దున వస్తానన్నారు. ఈలోగా ఆ రికార్డు చేసే పెద్దాయన, పాపం, వరసగా పని చేసి చేసి ఉన్నాడేమో, నా ట్రాకు విని ఆవిడ వచ్చి పాడేశారనుకున్నాడు. మిక్సింగు చేసి పంపేశాడు. క్యాసెట్ బయటికొచ్చాక బస్సులో విన్నాను. డ్రైవరు పెట్టాడు. దిగాల్సిన చోటు దాటిపోయి, ఆఖరి స్టాపు దాకా వెళ్ళాను."

"మరి ఆవిడకి తెలీదా?"

"రోజుకి మూడు నాలుగు పాటలు పాడే మనిషి. జలుబు తగ్గేసరికి పని అయిపోయిందన్నారు, ఇదీ పాడేశాననుకుని ఉంటారు. పాడేసింది మళ్ళీ వినే అలవాటు లేదావిడకి. పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. నోరెత్తకు తల్లీ, నా ఉద్యోగం పోతుందన్నాడు. ఎత్తనన్నాను."

"ఆయన ఇప్పుడు..."

"పోయి చాలా ఏళ్ళయింది."

"మరింకేం, ఇప్పుడు చెప్పొచ్చుగా."

అమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఉంచింది. "చిన్నీ, నన్నెందుకు పిలుస్తారనుకుంటున్నావ్? నాకంటే బాగా పాడేవాళ్ళు బోలెడుమంది. పాడి, ఇంటికొచ్చి, నోరు మూసుకుని కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే. ఫలానావారి పాట నాదని నేనిప్పుడు బయటపడ్డాననుకో, రేపట్నుంచి ఒక్క థియేటరు నుంచి ఫోను రాదు. ప్రతి గాయనికీ భయం పుడుతుంది, ఇది ఎప్పుడు ఏం చెబుతుందోనని. నువ్వు చెప్పకు. మాటివ్వు."

"అది అబద్ధం రాయమన్నట్టే కదమ్మా. బోర్డు మీద నా చేత్తో."

"రాయకపోతే మానెయ్. చెప్పకు."

మామయ్య దిండుని పక్కన పెట్టాడు. "ఆ బహుమతిలో నాకూ వాటా ఉంది, ఆ సంగతి ఎవరూ అడగరు. ఆ పాటకి డ్రమ్స్ వద్దన్నారు. చివరిదాకా కర్రలు పట్టుకుని కదలకుండా కూర్చున్నా. అంత బాగా ఊరుకోవడం నా జన్మలో అదే."

"ఇప్పుడు కూడా ఊరుకో" అంది అమ్మ.

చిన్ని మాటిచ్చింది. అమ్మ తన చేతిలో చెయ్యి వేయించుకున్నాక గానీ మిషను తిప్పలేదు. అప్పుడు చెప్పింది, ఆదివారం స్టేజీ మీద కోరస్‌కి తననీ పిలిచారని. పెద్ద గాయని వెనక, కుడివైపు స్తంభం పక్కన.

"ఆ పాటకే?" అంది చిన్ని.

"ఆ పాటకే. 'ఆ... ఆ...' అనాలి. కష్టమేం లేదు" అంది అమ్మ. దారం ఎక్కించబోతూ ఊపిరి తీసుకుంది. చిన్ని మొహం చూసి, ఆ ఊపిరిని సగంలో ఆపేసి, నవ్వేసింది.

మర్నాడు కార్యదర్శిగారు బోర్డు అడిగారు. చిన్ని, గాయని పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి మిగతాదంతా రాసి చూపించింది. గదిలో ముగ్గురు, తలుపు, గంట, కాఫీ, అన్నీ ఉన్నాయి. ఆయనకి బాగా నచ్చింది. కాఫీ మర్చిపోయిన చోట రెండోసారి చదువుకుని మురిసిపోయారు. తర్వాత కళ్ళజోడు నుదుటి మీదకి తోశారు.

"ఆవిడ పేరేదమ్మా? శిఖరమేదీ?"

"ఒక్క సందేహమండీ. ఆల్బమ్‌కిచ్చే బహుమతి కదా. బోర్డు మీద గాయని పేరు ఒక్కటే ఎందుకండీ?"

"రూలు."

"ఎవరు పెట్టారండీ?"

"నేనే. మొదటి ఏడాది కప్పు కింద పేరు చెక్కే పలక చిన్నది. ఒక పేరే పట్టింది. తర్వాత పలక పెద్దదైనా రూలు అలాగే ఉండిపోయింది." ఆయన తనలో తానే కొంచెం ఆశ్చర్యపోయినట్టు కనిపించారు. వెంటనే సర్దుకున్నారు. "ఇప్పుడవన్నీ కదిపితే వయొలిన్ వాళ్ళు, ఫ్లూటు వాళ్ళు, కాఫీ తెచ్చినవాళ్ళు, అందరూ వస్తారు. సాయంత్రానికల్లా రాసివ్వు తల్లీ, ప్రింటుకెళ్ళాలి."

సాయంత్రానికి చిన్నికి తలనొప్పి వచ్చింది. నిజమైన తలనొప్పే. ఆమెకి అబద్ధపు తలనొప్పి కూడా రాదు. ప్రింటుకి బోర్డు ఆ ఖాళీతోనే వెళ్ళింది. పేరు తర్వాత అతికిస్తానని చెప్పి ఒప్పించింది. కార్యదర్శిగారు ఒప్పుకున్నారు గానీ, 'చరిత్రలో ఇంత పెద్ద ఖాళీ నేనెప్పుడూ చూడలేదమ్మా' అన్నారు.

శనివారం పొద్దున పైహాల్లో రిహార్సలు. కుర్చీలు అర్ధచంద్రంగా వేసి, వయొలిన్లవాళ్ళు శ్రుతి చేసుకుంటున్నారు. మామయ్య డ్రమ్స్ వెనక కూర్చుని స్క్రూలు బిగిస్తున్నాడు. కోరస్‌వాళ్ళు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. చిన్ని నీళ్ళ సీసాలు తెచ్చి మైకుల దగ్గర పెడుతోంది.

పెద్ద గాయని వస్తూనే అందర్నీ పలకరించింది. మనిషి భారీ, నవ్వు ఇంకా భారీ. రేపు కట్టుకోబోయే కచేరీ బట్టల్లోనే వచ్చింది, మైకు ముందు నిలబడితే ఎలా ఉంటుందో చూసుకుందామని. మెట్లెక్కుతుంటే మడమ తగిలి, కింది అంచు మూరెడు ఊడిపోయింది.

"అయ్యో, రేపటిదాకా కూడా ఆగలేదిది" అంది అంచుని ఎత్తిపట్టుకుని. "ట్రాకమ్మా, నీ దగ్గర సూదీ దారం ఉంటాయిగా ఎప్పుడూ."

"ఉంటాయండీ." అమ్మ వచ్చి స్టేజీ మెట్టు మీద కూర్చుంది. అంచుని ఒళ్ళోకి తీసుకుంది. గుండుసూదులు తీసి, పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే గుచ్చుతూ మడత సర్దుకుంది. "మీరు పాడుకోండి, నేను కుట్టుకుంటా. కదలకండి."

పెద్ద గాయని చెవిలో పాత రికార్డు వినిపించే చిన్న యంత్రం పెట్టుకుంది. వయొలిన్లు ఎత్తుకున్నాయి. పల్లవి చక్కగా వెళ్ళింది. మొదటి చరణం ఇంకా బాగా వెళ్ళింది. రెండో చరణం దగ్గర రెండు పాదాలు ఒకే ఊపిరిలో అనాలి. మధ్యలో తెగింది.

"మళ్ళీ" అంది.

మళ్ళీ తెగింది. మూడోసారి దగ్గొచ్చింది. నీళ్ళు తాగింది. "ఇదెలా పాడానబ్బా నేను? వయసులో ఉన్నప్పుడు ఏం తిని పాడానో" అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ నొసలు ముడిపడి ఉన్నాయి. "ఒక్క క్షణం ఉండండి, విననివ్వండి" అని చెవి మీద వేలు నొక్కిపట్టి నిలబడింది.

వాయిద్యాలు ఆగాయని అమ్మకి తెలుస్తున్నట్టు లేదు. ఆమె చూపంతా అంచు మీద ఉంది. దారం అయిపోయింది. కొత్త దారం తెంపి, సూది వెలుతురు వైపు పట్టుకుని, ఊపిరి తీసుకుంది. దారం ఎక్కింది. పెదాల మధ్య గుండుసూదులతో, నోరు తెరవకుండానే, ఆ రెండు పాదాలనీ ఒకే ఊపిరిలో కూనిరాగం తీస్తూ కుట్టు మొదలుపెట్టింది.

చిన్ని చేతిలోని సీసా మైకు స్టాండుకి తగిలింది. మామయ్య కర్రలు రెండూ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

పెద్ద గాయని కిందికి చూసింది. చెవిలోని యంత్రం తీసింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"ఆపకు" అంది మెల్లగా.

అమ్మ తలెత్తింది. అందరూ తననే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. సూదుల మధ్య నుంచి ఏదో అనబోయింది. ఒక్కొక్క సూదీ తీసి గుడ్డకి గుచ్చింది.

"ఇది నేను కాదు" అంది పెద్ద గాయని, యంత్రం చూపించి.

"మీరేనండీ."

"నా గొంతు నాకు తెలీదా?"

"మీ గొంతు నాకూ తెలుసండీ. ఇన్నేళ్ళుగా నా పని అదే. అది మీ గొంతే."

"గొంతు నాదే. ఊపిరి నాది కాదు. నేను నోటితో తీసుకుంటాను, నా గురువు ఎంత తిట్టినా మానలేదు. ఇది ముక్కుతో తీసుకుంది. ఇప్పుడు నువ్వు తీసుకున్నట్టే."

"జలుబు తగ్గాక కొన్నాళ్ళు ముక్కుతోనే తీసుకుంటారండీ అందరూ" అంది అమ్మ. జలుబు మాట ఎందుకెత్తానా అనుకున్నట్టు వెంటనే సూది వైపు చూసింది.

పెద్ద గాయని చిన్ని వైపు తిరిగింది. "ఏమ్మాయ్, నువ్వు వీళ్ళమ్మాయివేగా. చరిత్ర రాస్తున్నది నువ్వేనటగా. నువ్వు చెప్పు. ఈ పాట ఎవరు పాడారు?"

చిన్ని సీసాని రెండు చేతులతో పట్టుకుంది. అమ్మ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. అబద్ధం చెప్పడం రాదు. మాట తప్పడం రాదు. రెండూ రాని మనిషికి మిగిలే జవాబు ఒక్కటే.

"చెప్పనని అమ్మకి మాటిచ్చానండీ" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకనుంచి డ్రమ్స్ 'డుబుక్కు' మంది. మామయ్య చేతులాగలేదు. వయొలిన్లవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పెద్ద గాయని నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊడిన అంచు ఇంకా అమ్మ ఒళ్ళోనే ఉండడంతో ఇద్దరూ దగ్గరగా, ఒకే గుడ్డకి అటొకరు ఇటొకరు కట్టేసినట్టు కూర్చోవాల్సి వచ్చింది.

"ఆ కప్పు మా ఇంట్లో తలుపు తీయగానే కనబడుతుంది" అంది. "వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను. కాఫీ సంగతి చెప్పి మరీ చూపిస్తాను. ఎందుకు చెప్పలేదు ట్రాకమ్మా?"

"మిగతావన్నీ మీరే పాడారు కదండీ. ఇచ్చింది ఆల్బమ్‌కి."

"కాఫీ మర్చిపోయింది ఆఖరి పాటకి."

అమ్మ చివరి కుట్టు వేసి, ముడి వేసి, దారం పంటితో తెంపింది. పెద్ద గాయని లేచి, అంచుని ఒకసారి విదిలించి చూసుకుంది. కుట్టు ఎక్కడుందో కనపడలేదు. "తలనొప్పిగా ఉంది. రేపు కలుద్దాం" అని అందరికీ చెప్పి వెళ్ళిపోయింది. కారు తలుపు మూసిన చప్పుడు పైదాకా వినిపించింది.

ఇంటికెళ్ళే బస్సులో ముగ్గురూ వరసగా కూర్చున్నారు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇంక మిషనే గతి" అంది.

"నేనేం చెప్పలేదమ్మా."

"అవును. చాలా బాగా చెప్పలేదు."

మామయ్య ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో తాళం వేయబోయి, అక్క చూపు చూసి మానుకున్నాడు. ఇల్లు చేరేదాకా చిన్ని ఏడుపు ఆపుకుంది. అన్నాల దగ్గర అమ్మ ఎప్పట్లాగే ముందు ఆమె పళ్ళెంలోనే వడ్డించింది. అప్పుడు ఆ ఏడుపు కాస్తా జారి పళ్ళెంలో పడింది. "ఉప్పు సరిపోయిందిలే, ఇంకొద్దు" అంది అమ్మ.

ఆదివారం సాయంత్రానికి హాలు నిండింది. కింద జనం బోర్డుల ముందు క్యూ కట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలలూపుతున్నారు. ఖాళీ ఉన్న బోర్డు ముందు మాత్రం ప్రింటు తప్పేమో అనుకుని ముందుకెళ్ళిపోతున్నారు. పెద్ద గాయని వస్తుందో రాదో తెలియక కార్యదర్శిగారు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. చివరి నిమిషంలో వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా స్టేజీ వెనక్కి వెళ్ళింది.

పాత విజేతలు ఒక్కొక్కరే వచ్చి పాడారు. విడిపోయిన అన్నదమ్ములు కలిసొచ్చి, ఎవరి మైకు దగ్గర వాళ్ళు, ఒకరినొకరు చూసుకోకుండా అద్భుతంగా పాడారు. తర్వాత కార్యదర్శిగారు 'ఎదురింటి వెలుగు' అన్నారు.

చిన్ని స్టేజీ పక్క తెర దగ్గర నిలబడింది. పెద్ద గాయని మైకు ముందు నిలబడి పల్లవి పాడింది. మొదటి చరణం పాడింది. వయొలిన్లు రెండో చరణానికి దారి తీస్తుండగా వెనక్కి తిరిగి, స్తంభం దాకా నడిచి వెళ్ళింది. అమ్మ వీపు మీద అరచెయ్యి ఆనించి, తలుపు తోసినంత మెల్లగా ముందుకి తోసింది. తోసి, అమ్మ నిలబడ్డ చోటనే తను నిలబడింది.

అమ్మ మైకు దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలిసినట్టు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మైకు స్టాండుని పట్టుకుంది. ఊపిరి తీసుకుంది. హాలంతటికీ వినబడింది ఆ ఊపిరి. పాట మొదలైంది, పెద్ద గాయని గొంతులో. అదే సాగదీత, అదే నవ్వు. అలవాటు. ముందు వరసల్లో కొందరు, గొంతెక్కడ్నుంచి వస్తోందా అని పెద్ద గాయని వంక చూశారు. ఆవిడ వెనకనుంచి కోరస్‌వాళ్ళతో కలిసి 'ఆ... ఆ...' అంటోంది.

ఆ ఆలాపన వినగానే అమ్మ గొంతు ఒక్కసారి తడబడింది. అసలు మనిషి వెనకుండి ఆలాపన తీస్తుంటే, ముందు నిలబడి ఆ మనిషి లాగా పాడడం ఆమెకి సిగ్గనిపించినట్టుంది. రెండో పాదం చివర రావలసిన నవ్వు రాలేదు. మాట సూటిగా పడింది. ఆ తర్వాతి మాట ఇంకా సూటిగా పడింది. చిన్నికి బాగా తెలిసిన గొంతు అది. మిషను చప్పుడు మీదుగా మాత్రమే ఇంతకాలం విన్నది. కొంచెం మందంగా, అంచుల్లో గరుగ్గా, ఎవరినీ మెప్పించాలని లేని గొంతు. మామయ్యకి ఈ పాటలో వాయించేదేమీ లేదు. కర్రలు పట్టుకుని, కదలకుండా, కళ్ళు తుడుచుకోను కూడా తుడుచుకోకుండా కూర్చున్నాడు.

పాట అయ్యాక చప్పట్లు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. చాలామందికి ఏం జరిగిందో తెలియలేదు. కార్యదర్శిగారు చేతిలోని కాగితం చూసి పెద్ద గాయని పేరు చదివారు. ఆవిడ వెనకనుంచి గట్టిగా అంది.

"ఆ ఆల్బమ్‌లో ఇంకో గాయని కూడా ఉందండీ. ఆఖరి పాట ఆవిడదే. నాకు నిన్నే తెలిసింది. ఆవిడ పేరు కూడా చదవండి."

కార్యదర్శిగారు కాగితం తిప్పి చూశారు. అందులో లేదు. ట్రాకమ్మ అనేదొక్కటే ఆయనకి తెలుసు, అది మైకులో చదివే పేరు కాదని కూడా తెలుసు. తెర వైపు నడిచి వచ్చి, వంగి చెవి పెట్టారు. చిన్ని వాళ్ళమ్మ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. ఆయన మైకు దగ్గరకి వెళ్ళి, తప్పు పోకుండా నిదానంగా చదివారు. ఆ పేరు ఎవరిదో అన్నట్టు అమ్మ కూడా విన్నది.

సోమవారం చిన్ని పేర్ల పట్టీ ప్రింటు చేయించి బోర్డు మీద అతికించింది. రెండు పేర్లు. రంగు కొంచెం తేడా వచ్చింది, దగ్గరికెళ్తే తెలిసిపోతోంది. కార్యదర్శిగారు దూరం నుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి చూశారు. "రూలు మారుస్తున్నాను" అన్నారు. "వచ్చే ఏడు నుంచి అందరి పేర్లూ. పెద్ద పలక చేయిద్దాం." తర్వాత గొంతు తగ్గించారు. "మీ మామయ్య పొద్దున్నే ఫోను చేశాడు. వాయించనందుకు తన పేరూ వేయాలట."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మిషను దగ్గర ఉంది. ఫోను పక్కనే, ఎదురుగా, బల్ల మీద ఉంది. పొద్దున్నించి మోగలేదట. అమ్మ ఆ సంగతి చెప్పలేదు, మామయ్య సైగ చేశాడు.

"ఒక్కరోజే కదమ్మా" అంది చిన్ని.

"నేనేమన్నా అన్నానా?" అంది అమ్మ.

ఆ మాట అంటుండగానే మోగింది. అమ్మ వెంటనే తీయలేదు. కుడుతున్న వరస పూర్తి చేసి, సూది పైకెత్తి, అప్పుడు తీసింది. అవతల ఎవరో థియేటరు మనిషి. కొత్త ఆల్బమ్ మొదలైందట, ఎల్లుండి పొద్దున రాగలదా అని అడుగుతున్నాడు. గొంతు బయటికి కూడా వినిపిస్తోంది. రేటూ టైమూ ఎప్పుడూ ఉండేవేనట.

ఎప్పుడూ 'వస్తానండీ' అని పెట్టేసే అమ్మ ఈసారి పెట్టలేదు. మామయ్య చేతుల్లో కర్రలు గాలిలో ఆగాయి.

"ట్రాకా, పాటా?" అంది అమ్మ.

ఆ ప్రశ్న ఈ నంబరు నుంచి వస్తుందని అవతలి మనిషి అనుకుని ఉండడు. తర్వాత ఏదో గొణిగాడు.

"సరేనండీ" అని అమ్మ ఫోను పెట్టేసింది. మిషను వైపు తిరిగి, చక్రం మీద చెయ్యి వేసింది.

"ఏమన్నాడక్కా?" అన్నాడు మామయ్య, ఉండబట్టలేక.

"అడిగి చెప్తాడట" అంది అమ్మ. చక్రం తిప్పింది.